పైడమ్మ గోడ

శంకర్ నగర్‌లో సొంత ఇల్లు ఉండి కూడా అమ్ముకోలేకపోతున్నారా అని ఆ వేసవిలో నన్ను అడగనివాడు పాపాత్ముడు. స్కూల్లో తోటి టీచర్లు అడిగారు. పాల ప్యాకెట్ల దుకాణం వాడు అడిగాడు. ఇంటి పన్ను కట్టడానికి వెళ్తే కౌంటర్లో కూర్చున్నాయన రసీదు చింపి ఇస్తూ, "మేడమ్, ఆ ఏరియాలో ఒట్టి గోడ ఉన్నా కొనేస్తారే!" అని ఆశ్చర్యపోయాడు. అందరికీ ఒకటే నవ్వు నవ్వి ఊరుకునేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఎందుకు అమ్ముడుపోవడం లేదో నాకు తెలుసు. ఆ కారణం కాచిన చారే పోసుకుని నేను రోజూ అన్నం తినేదాన్ని.

ముందు ఇంటి సంగతి చెప్తాను. మా నాన్న సూర్యారావు గూడ్సు రైళ్ళకి గార్డు. బొబ్బిలి దగ్గర్నుంచి ఉద్యోగానికని రాయ్‌పూర్ వచ్చి, అటువైపు పొలాలు తప్ప ఏమీ లేని రోజుల్లో అక్కడ స్థలం కొన్నాడు. నక్కల మధ్య కాపురం పెడతావా అని తోటి గార్డులు నవ్వారట. ఆ నక్కలు ఎటు పోయాయో గానీ, మా చుట్టూ బ్యాంకులు, నగల దుకాణాలు, అద్దాల మేడలు లేచాయి. మా ఇల్లు మాత్రం పెచ్చులు రాల్చుకుంటూ అలాగే ఉండిపోయింది. నాన్న పక్షవాతంతో మంచాన పడ్డ తొమ్మిదేళ్ళూ దానికి సున్నం కూడా వెయ్యలేదు. గేటు దక్షిణం వైపు. డ్రైనేజీ గొట్టం ఎక్కడ పగిలిందో ఎవరికీ తెలియదు. వానాకాలం వస్తే గోడలకి మోకాలెత్తు వరకూ చెమ్మ. నాన్న పోయాక వచ్చిన మొదటి వానల్లో నా మంచం మీద స్లాబు పెచ్చు ఊడి పడింది, సరిగ్గా తలగడ మీద. అంతకు రెండు నిమిషాల ముందే ఎందుకో మెలకువ వచ్చి మంచినీళ్ళకని లేచాను కాబట్టి ఇవాళ మీకిది చెప్పగలుగుతున్నాను.

నా పేరు మాలతి. నేను చెప్పేది 2017 వేసవి, అప్పటికి నాకు నలభై ఒకటి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదనేది వేరే గొడవ, దాన్ని ఇక్కడికి లాగను. అభన్‌పూర్ రోడ్డులో కొత్తగా కట్టిన అపార్టుమెంటులో మూడో అంతస్తున రెండు గదుల ఫ్లాటు చూశాను. దాని గోడ మీద చెయ్యి పెట్టాను. పొడిగా, తెల్లగా ఉంది. ఆ చెయ్యి తియ్యకుండానే తీసుకుంటానని చెప్పేశాను. పదిహేనేళ్ళు కూడబెట్టినదంతా అడ్వాన్సుగా ఇచ్చేశాను. మిగతాది జూలై మొదటి వారంలోగా కట్టకపోతే ఫ్లాటూ దక్కదు, అడ్వాన్సూ తిరిగి రాదు. నా జీవితంలో నాకంటూ కావాలనుకున్నది అదొక్కటే, అది చేతికి రావాలంటే శంకర్ నగర్ ఇల్లు వానలకి ముందే అమ్ముడుపోవాలి.

ఇక కారణం. మా అమ్మ పైడమ్మ నన్ను కన్న పదకొండో రోజున ఆ ఇంట్లోనే పోయింది. ముత్తైదువగా పోయింది కాబట్టి మా వైపు ఆనవాయితీ ప్రకారం ఇంటి పేరంటాలు అయింది, అంటే ఆ ఇంటిని కాచుకుని ఉండే దేవత. ఎనిమిది నెలలకి నాన్న వరహాలమ్మని చేసుకున్నాడు. నేను పిన్ని అంటాను. అప్పుడు పిన్నికి పందొమ్మిదేళ్ళు. కాపురానికి వచ్చిన మొదటి శుక్రవారమే వంటింటి తూర్పు గోడ మీద జానెడు మేర పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, కింద దీపం వెలిగించిందట. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు. తను ముట్టుకోకూడని రోజులొస్తే నాన్న చేత పెట్టించేది. కొత్త చీర కొంటే ముందు ఆ గోడ కింద పీట మీద పెట్టి, ఆ తర్వాతే తను కట్టుకునేది. పండక్కి పులిహోర కలిపితే మొదటి ముద్ద గోడకి. గోడతో మాట్లాడేది కూడా. "అప్పా, నీ గుంట సద్దన్నం తిననంతంది సూడు" అని నా మీద చాడీలు చెప్పేది. మా వైపు అక్కని అప్ప, ఆడపిల్లని గుంట అంటారు. సవతిని అలా పిలిచేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు.

పిన్నికి హిందీ రాదు. రాదని ఆవిడే చెప్పేది, మేం నమ్మేవాళ్ళం. కూరల బండి ఆమెతో పిన్ని తెలుగులో బేరమాడేది, ఆమె ఛత్తీస్‌గఢీలో విసుక్కునేది, ఎలాగో వంకాయలు మాత్రం ఇంట్లోకి వచ్చేవి. బయటివాళ్ళెవరొచ్చినా మధ్యలో నేనే దుబాసీని.

హోలీ వెళ్ళిన వారానికి బ్రోకరు ఉమేష్ మొదటి బేరం తీసుకొచ్చాడు. బట్టల వ్యాపారి, ఆయన భార్య. ఇల్లు పాడుబడిందని వాళ్ళు ఏమీ అనుకోలేదు. ఆయన డాబా ఎక్కి నాలుగు వైపులా చూసి, "జగా బఢియా హై" అన్నాడు. చోటు బ్రహ్మాండంగా ఉందిట. మిగతాది బాగు చేయించుకుంటామన్నాడు. నాకైతే గుండె ఎగిరి గంతేసింది. ఆవిడ వంటిల్లు చూస్తానంది. పిన్ని అప్పటికే పళ్ళెంలో పసుపు, కుంకం, రెండు అరటిపళ్ళు, జాకెట్టు ముక్క పెట్టుకుని నిలబడి ఉంది. పేరంటాలున్న ఇంటికి ముత్తైదువ వచ్చి ఉత్త చేతులతో వెళ్ళకూడదని పిన్ని పట్టుదల. ఆవిడ చాలా సంతోషపడింది. తలమీద కొంగు వేసుకుని పళ్ళెంలోంచి తనే బొట్టు పెట్టుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

"సెప్పవే ఆవిడికి," అంది పిన్ని నాతో. "ఈవిడ మా అప్ప. శుక్రోరం శుక్రోరం ఒక్క దీపం ఎట్టమను. మరేటీ అక్కర్నేదు. ఆలింటిని సల్లగా సూస్తాది."

నేను టీచర్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటు. ఇది మా అమ్మ అనీ, ఈ ఇంట్లోనే చనిపోయిందనీ, వారం వారం దీపం పెట్టాలనీ హిందీలో చెప్పాను. తెలుగులో చల్లగా ఉన్న మాట నా నోట్లోంచి హిందీలో వచ్చేసరికి నాకే ఒళ్ళు జలదరించింది. ఆవిడ జాకెట్టు ముక్క పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"ఇక్కడా? ఈ వంటింట్లోనా?" అంది.

"లేదు లేదు, పక్క గదిలో," అన్నాను, అదేదో ఊరట అయినట్టు.

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. తర్వాత చూస్తే జాకెట్టు ముక్క, పళ్ళు గేటు పక్క గోడ మీద పెట్టి ఉన్నాయి. పిన్ని వెళ్ళి వాటిని లోపలికి తెచ్చుకుంది. ముక్కని విదిలించి, మడత పెట్టి, పెట్టెలో పెట్టేసింది.

ఏప్రిల్ అయ్యేలోగా అలాంటివి ఆరు బేరాలు. వచ్చిన మగవాళ్ళంతా డాబా మీద నవ్వుతూ మాట్లాడారు. ఆడవాళ్ళంతా వంటింట్లోంచి మొహం మార్చుకుని వచ్చారు. పోయినవాళ్ళు పోకుండా ఊరంతా చెప్పారు. ఒకరోజు ఉమేష్ ఫోన్ చేసి, "దీదీ, మార్కెట్లో ఏమంటున్నారో తెలుసా? ఆ ఇంట్లో ముసలావిడ టోన్హీ అంటున్నారు," అన్నాడు. టోన్హీ అంటే ఇక్కడ చేతబడి చేసే ఆడది. ఆ మాట పడ్డ ఆడవాళ్ళని ఊళ్ళలో కొట్టి చంపడం దాకా వెళ్తారని ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. పిన్నికి మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రే తమ్ముడు నాగబాబు భిలాయి నుంచి ఫోన్ చేశాడు. వాడు పిన్ని కొడుకు, అక్కడ వెల్డింగ్ షాపు నడుపుతాడు. "అక్కా, అమ్మని కొంచెం సమ్‌ఝాయించవే. గోడ గురించి నోరెత్తొద్దని చెప్పు, బస్, అంతే," అన్నాడు.

"నువ్వే సమ్‌ఝాయించు. నీ అమ్మే కదా."

"గోడ మీదున్నది నీ అమ్మ కదే!" అన్నాడు వెధవ. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

మే నెల రెండో ఆదివారం పిన్ని రైల్వే కాలనీలో ఎవరింటికో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళింది. నేను డబ్బా డిస్టెంపరు, బ్రష్షు తెచ్చాను. తూర్పు గోడ మీద నలభై ఏళ్ళ పసుపు పెచ్చులా గట్టిపడి ఉంది. ఒక పూత వేస్తే పసుపు పైకి ఉబికింది. రెండో పూత వేశాను. మూడో పూతకి గోడ తెల్లబడింది. చెమటలు కక్కుతూ, హమ్మయ్య అనుకుంటూ బ్రష్షు కడిగాను. తప్పు చేస్తున్నానని ఆ పూట నాకు అనిపించలేదు, నిజం చెప్పాలి కదా.

పిన్ని వచ్చింది, చూసింది, కాళ్ళు కడుక్కుని బియ్యం ఏరుకుంది. సోమవారం మాట్లాడలేదు, మంగళవారం మాట్లాడలేదు. శుక్రవారం పొద్దున నేను లేచేసరికి ఆ తెల్లటి గోడ మీద కొత్త పసుపు, తొమ్మిది కుంకం బొట్లు. ముందు నల్లగా పొగచూరిన గోడలో కలిసిపోయి ఉండేది, ఇప్పుడు తెల్లటి గోడ మీద గుమ్మంలోంచే కళ్ళకి కొట్టేలా ఉంది. నా కర్మ!

అప్పుడు నోరు జారాను. "అసలు నీకెందుకు పిన్నీ ఇంత ఇది? ఆవిడ నాకు అమ్మ. నాకే లేని బాధ నీకేంటి? నీకు ఆవిడ ఏమవుతుంది? సవతి. బతికుంటే నువ్వీ గుమ్మం తొక్కేదానివా?"

పిన్ని వత్తి చేస్తున్న చేతులు ఆపలేదు. చేస్తూనే అంది.

"నానొచ్చినప్పుడు నీకు ఎనిమిది నెలలు. ఎవులెత్తుకున్నా ఏడుపే. సీసా ఎడితే ఊసీసేదానివి. మీ నాయన లైను మీదకెల్తే మూడేసి రోజులు రాడు. నాకా, పిల్లని పట్టుకోడం కూడా తెల్దు. నాలుగో రోజుకి నీకు ఒల్లు కాలిపోతంది. ఈ బాస తెల్దు, ఈ ఊరు తెల్దు, ఏ డాకటరు కాడికి ఎత్తుకెల్లాలో తెల్దు. ఈ గోడ కాడ కూకుని అడిగినాను. అప్పా, నీ గుంటని నాకిచ్చీ. నాను బతికున్నన్నాల్లూ ఈ ఇంట్లో నీ సోటు నీకుంచుతాను అని. అప్పుడు సీసా ఎడితే తాగినావు."

వత్తి ప్రమిదలో పెట్టింది.

"గుంటని తీసుకున్నాను. ఇప్పుడు సోటు అమ్మీసి గుంటని ఉంచీసుకుంతానంటే అదేటి నాయమే? ఇల్లు అమ్మొద్దని నానన్నానేటి? దీపం ఎట్టేవోల్లకి అమ్ము. పైసలు తక్కవైనా సరే." తర్వాత గోడ వైపు చూస్తూ, "ఆ పెచ్చు పడ్డ రాత్రి నిన్ను లేపింది ఎవులనుకున్నావు?" అంది.

పందొమ్మిదేళ్ళ పిన్ని అప్పుడు భయపడి గోడతో మాట్లాడి ఉంటుంది, నాకు జ్వరం దానంతట అదే తగ్గి ఉంటుంది. అదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? పిన్ని నలభై ఏళ్ళుగా నన్ను ఒక మాట మీద పెంచిందని ఆ పూట తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నా జూలై సంగతేంటని కూడా అనుకున్నాను. అంత స్వార్థం నాలో ఉంది, దాచను.

జూన్ మొదటి వారంలో ఎండలకి నేల బీటలు వారి ఉన్నప్పుడు ఉమేష్ ఆఖరి బేరం పట్టుకొచ్చాడు. బిల్డరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. బూట్లు బయట విప్పి మరీ లోపలికి వచ్చాడు. గదులు చూడలేదు, డాబా ఎక్కలేదు. స్థలం కొలతలు కాగితం మీద చూసుకుని, ఉమేష్ చెప్పిన ధరకి తలూపాడు. చెమ్మని గురించి గానీ, దక్షిణం గేటు గురించి గానీ ఒక్క మాట అడగలేదు. నాకు అప్పుడే అర్థమైంది, ఇతనికి ఇంటితో పని లేదు.

పిన్ని వంటింటి గుమ్మంలోంచి పిలిచింది. "అతన్నిలా రమ్మను. సూపించు. దీపం ఎడతాడా అడుగు."

అతను వచ్చి నిలబడ్డాడు. గోడ చూశాడు, మర్యాదగా చేతులు జోడించాడు. ఉమేష్ వెనక నుంచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దు చెప్పొద్దని. జూలై మొదటి వారానికి సరిగ్గా నాలుగు వారాలుంది. స్లాబులో కొత్త బీట నేను పొద్దున్నే చూశాను, ఈసారి అది పిన్ని మంచానికి సరిగ్గా పైన ఉంది.

నేను హిందీలో అడిగాను: "ఈ ఇంటిని మీరేం చేస్తారని అడుగుతోంది."

అతను నవ్వాడు. "క్యా కరేంగే మేడమ్, తోడ్ దేంగే." ఏం చేస్తాం, కూలగొట్టేస్తాం. రిజిస్ట్రీ అయి మీరు ఖాళీ చేసిన వారంలో జేసీబీ వస్తుందనీ, నాలుగంతస్తులు లేపుతాననీ, ఇల్లు ఇంత పాడుగా ఉండటమే తనకి మంచిదయిందనీ చెప్పాడు.

నేను పిన్ని వైపు తిరిగాను. "పెడతానంటున్నాడు," అన్నాను. "వాళ్ళావిడ పెడుతుందట. ఆవిడకి పూజలంటే ఇష్టమట."

నలభై ఒక్కేళ్ళలో పిన్నికి నేను చెప్పిన అబద్ధాలు చాలానే ఉన్నాయి. స్కూల్లో డబ్బా అన్నం తినేశానని, తలనొప్పి లేదని, పెళ్ళి కాలేదని బాధేం లేదని. ఇలాంటిది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పిన్ని నన్ను చూసింది, అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. "ఆలావిడ పేరేటి?" అంది.

అడిగాను. అతను తెల్లబోయి, "రాజశ్రీ" అన్నాడు.

"మంచి పేరు," అంది పిన్ని. లోపలికి వెళ్ళి పెట్టెలోంచి జాకెట్టు ముక్క, పసుపు కుంకం పొట్లాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. బట్టల వ్యాపారి భార్య గోడ మీద వదిలేసిన ముక్క అదే. అతను వంగి పిన్ని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "సల్లగుండు నాయనా," అంది.

వాళ్ళు వెళ్ళాక గేటు వేసి వచ్చి, నా పక్కనుంచి వంటింట్లోకి వెళ్తూ అంది: "మంచోడే. అబద్ధమాడ్డం రాదు ఆడికి."

అతన్ని నమ్మింది పాపం అనుకున్నాను.

జూన్ ఇరవయ్యో తారీకున రిజిస్ట్రీ అయింది. నాగబాబు వచ్చి సంతకం పెట్టాడు, నేను పెట్టాను. పిన్ని తన పేరు తెలుగులో, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. తర్వాత వారం రోజులు సామాను సర్దుకోవడం. ఆ వారం పిన్ని పెద్దగా మాట్లాడలేదు. ఉన్న ఇల్లు వదల్లేక అనుకున్నాను. కదిలే రోజు పొద్దున్నే దోసెలు పోద్దామని చూస్తే అట్లకాడ కనపడలేదు. వెతికితే పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన దొరికింది, కొస వంకర తిరిగిపోయి, అంచు అరిగిపోయి.

"ఇదేంటి పిన్నీ, దీంతో ఏం చేశావు?"

"పాతది గదా. ఒంగిపోనాది," అంది. సామాను హడావుడిలో నేను పట్టించుకోలేదు. వంటింట్లోకి ఆఖరిసారి నన్ను వెళ్ళనివ్వలేదు కూడా. నేల తుడిచాను, తడి ఆరలేదు, నువ్వు నడవకంది. తలుపు తనే వేసి తాళం పెట్టింది.

కొత్త ఫ్లాటుకి వచ్చిన మర్నాడే మొదటి వాన పడింది. బాల్కనీలో నిలబడి చూశాను. ఎక్కడా చుక్క కారలేదు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న గోడలు. నిద్ర మాత్రం పట్టలేదు. కళ్ళు మూస్తే జేసీబీ తొండం ఆ పసుపు మీద పడుతున్నట్టే ఉండేది. నాకు గుర్తయినా లేని అమ్మని నేనే చేతులారా కూల్పిస్తున్నానని అప్పుడు తెలిసింది. అమ్మ కోసం జీవితంలో మొదటిసారి ఏడ్చాను, పిన్నికి వినపడకుండా, స్నానాల గదిలో కుళాయి తిప్పి.

గురువారం సాయంత్రం ఉమేష్ ఫోన్ చేశాడు. మిగతా కాగితాల గురించి మాట్లాడి, రేపు పొద్దున జేసీబీ వస్తుందని మాటవరసకి చెప్పాడు.

శుక్రవారం స్కూలుకని బయలుదేరి ఆటోని శంకర్ నగర్ వైపు పొమ్మన్నాను. సంచిలో ఖాళీ టిఫిన్ డబ్బా, స్క్రూడ్రైవరు పెట్టుకున్నాను. ఒక్క పెచ్చు. అరచెయ్యంత పెచ్చు చాలు. తెచ్చి పిన్ని కాళ్ళ మీద పడి నిజం చెప్పేద్దామనుకున్నాను. జేసీబీ అప్పటికే సందులో ఆగి ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. అయిదు నిమిషాలు అని బతిమాలి లోపలికి పరిగెత్తాను. తలుపులన్నీ ముందే పీక్కుపోయారు.

వంటింటి తూర్పు గోడ మీద పసుపు లేదు.

జానెడు మేర, చక్కగా, అంచులు ఎటూ చెదరకుండా, ఇటుక కనపడేదాకా గీకేసి ఉంది. ఇటుకల మీద సన్నటి గీతలు. అట్లకాడ గీతలు. కింద నేల మీద ఒక్క రవ్వ లేదు, తడిగుడ్డతో తుడిచేసి ఉంది. బయట నుంచి డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి పిన్ని కొత్త వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. శుక్రవారమే అయినా దీపం లేదు, గోడల మీద ఏమీ లేదు. పైఅరలో పసుపు డబ్బా పక్కన ఇంకో స్టీలు డబ్బా, మూత చుట్టూ కొత్త జాకెట్టు ముక్క కట్టి ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుగులో సెప్పాలా, హిందీలో సెప్పాలా?" అంది పిన్ని, కాయల మీంచి తల ఎత్తకుండా. "తోడ్ దేంగే అంతే నాకు తెల్దేటే? నలభై ఏల్లు ఈ ఊరి గాలి పీల్చినాను."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

"నీకు అబద్ధం సెప్పడం సేత కాదు. గొంతుక ఒణికిపోనాది. ఇంత బయపడి ఆడుతుందంతే ఈ గుంటకి ఎంత కావాలో గదా, అనుకున్నాను."

నేను కింద కూలబడ్డాను. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపి, పిన్ని ఒళ్ళో తల పెట్టేసి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను తిట్టు పిన్నీ అన్నాను. తిట్టలేదు. వీపు మీద చెయ్యి వేసి, "సాల్లే, ముక్కు తుడుసుకో, కాయల్లో పడతాది," అంది.

కాసేపటికి లేచి ఆ స్టీలు డబ్బా దించాను. జాకెట్టు ముక్క విప్పాను. లోపల పసుపు పెళ్ళలు, సున్నం పొడి, నేను వేసిన డిస్టెంపరు పొరలతో సహా.

"ఇక్కడెందుకు పెట్టలేదు?"

"నీ ఇల్లు. గోడ తెల్లగా ఉండాలని గదా ఇంత ఆరాటం పడ్డావు."

గిన్నెలో పసుపు పోసి, నీళ్ళు కలిపి, ఆ పొడి రెండు వేళ్ళతో తీసి అందులో వేశాను. తూర్పు ఎటో అడిగి, ఆ తెల్లటి గోడ మీద చెయ్యి పెట్టాను. ఎప్పుడూ రాసిన చెయ్యి కాదు, వంకరగా వచ్చింది. "జానెడేనే, గోడంతా పులుముతావేటి," అంది పిన్ని వెనకనుంచి.

బొట్లు పెడుతూ అడిగాను. "ఆ గోడ గీకేటప్పుడు ఆవిడకి ఏం చెప్పావు?"

పిన్ని ప్రమిదలో నూనె పోసి, వత్తి సర్ది, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏటి సెప్తాను? మాట నిలబెట్టుకోనేకపోనాను. సోటు పోనాదప్పా, గుంటని మాత్రం తిరిగి అడక్కు అన్నాను."

అగ్గిపెట్టె నా చేతికిచ్చింది. నాలుగు పుల్లలు పాడుచేశాక దీపం వెలిగింది.